తీరిక చదువుకు పుస్తకం సూచించడం: ఇష్టమైన రచయితను మరొకరికి పరిచయం చేసే పద్ధతి

"ఏదైనా మంచి పుస్తకం చెప్పండి" అని ఎవరైనా అడిగితే మనలో చాలామందికి వెంటనే నోటికి వచ్చేవి మాలపల్లి, వేయిపడగలు, చివరకు మిగిలేది, మహాప్రస్థానం వంటి పేర్లు. అవి గొప్ప రచనలనడంలో సందేహం లేదు. అయితే అడిగినవారు కళాశాల విడిచాక పదేళ్ళుగా ఒక్క తెలుగు పుస్తకమూ తెరవని ఉద్యోగి కావచ్చు, పిల్లలు నిద్రపోయాక దొరికే అరగంటను ఫోనుకు బదులు చదువుకు కేటాయించాలనుకునే తల్లి కావచ్చు. అటువంటివారికి మొదటే ఒక మహానవలను అందిస్తే వారు యాభై పుటల దగ్గర ఆగిపోతారు, లోపం తమలోనే ఉందనుకుంటారు, ఆపైన ఆ రచయిత పేరు వినగానే తప్పుకుంటారు. తెలుగులో గొప్ప పుస్తకాలేవి అన్నది సాహిత్య చరిత్రకారులు తేల్చవలసిన ప్రశ్న. ఈ మనిషి ఈ వారం ఏది చదివితే సంతోషిస్తారన్నది సూచించేవారు తేల్చవలసిన ప్రశ్న. ఒక రచయితను ఇతరులకు పరిచయం చేయాలంటే ఆయన రచనల్లో శిఖరం ఏదో తెలిసి ఉండటం చాలదు, గడప ఏదో తెలిసి ఉండాలి.

కనుక పేరు చెప్పేముందు రెండు మూడు సంగతులు అడిగి తెలుసుకోవడం మంచిది. "మీకు ఎలాంటి పుస్తకాలిష్టం?" అన్న ప్రశ్నకు సాధారణంగా ఉపయోగపడే జవాబు రాదు, చాలామంది "ఏదైనా పరవాలేదు" అంటారు. దానికి బదులు "చేతిలోంచి దించకుండా చదివిన పుస్తకం ఏది, అది ఎప్పుడు?" అని అడిగి చూడండి. ఎంతకాలం కిందటి మాటైనా సరే, చిన్నప్పటి చందమామ అయినా, అమ్మమ్మ ఇంట్లో దొరికిన వారపత్రికలోని సీరియల్ అయినా, ఏకబిగిన చదివించిన దాని పేరు చెప్పగానే ఆ మనిషి అభిరుచికి ఒక మూలం దొరుకుతుంది. తరువాత, వారు ఎక్కడ, ఏ వేళ చదువుతారో తెలుసుకోవాలి. మెట్రోలోనో బస్సులోనో ఇరవై నిమిషాలు చదివేవారికి ఒక్కొక్కటి మూడు నాలుగు పుటలుండే సత్యం శంకరమంచి అమరావతి కథలు కుదిరినట్లు పెద్ద నవల కుదరదు. నూరు కథలున్న ఆ సంపుటిలో ఒక కథ ఎక్కి దిగేలోపు ముగుస్తుంది, మర్నాడు నిన్నటి కథ గుర్తు లేకపోయినా నష్టం ఉండదు. రాత్రి నిద్రకు ముందు చదివేవారికి మనసును కలచివేసే రచన ఇవ్వకపోవడమే మర్యాద. సెలవుల్లో నాలుగు రోజులు ఖాళీగా ఉన్నవారికి మాత్రం నవలే ఇవ్వాలి.

అడగవలసిన మరొక సంగతిని చాలామంది మరచిపోతారు. వారికి తెలుగు చదవడం ఎంత అలవాటు? ఇంగ్లీషు మాధ్యమంలో చదివి, తెలుగు చక్కగా మాట్లాడుతూ కూడా అచ్చులో ఒక్కొక్క పంక్తి నెమ్మదిగా చదివేవారు ఈ రోజు మన ఇళ్ళలో ఎక్కువగానే ఉన్నారు, ఊళ్ళోనూ, విదేశాల్లోనూ. వారికి సంస్కృత సమాసాలున్న వచనం బరువవుతుంది, సంభాషణలు ఎక్కువగా ఉన్న వచనం తేలికవుతుంది. ఇందులో చిన్నతనమేమీ లేదు. పది పుటలు తడబడకుండా చదివారంటే పదకొండో పుటకు వేగం దానంతటదే వస్తుంది, అందుచేత ఆ మొదటి పది పుటలు సాఫీగా సాగే పుస్తకాన్ని వెదకడం మన బాధ్యత.

ఇక రచయితకు గడప ఎన్నుకోవడం. విశ్వనాథ సత్యనారాయణను ప్రేమించేవారు ఏకవీరతో మొదలుపెట్టించడం మేలు. నాయకరాజుల కాలపు మధురలో ఇద్దరు స్నేహితులు, ఇద్దరు స్త్రీలు, తారుమారైన రెండు పెళ్ళిళ్ళు. కథ సూటిగా నడుస్తుంది, నవల చిన్నది, 1969లో సినిమాగా కూడా వచ్చింది కనుక పెద్దవారిలో కొందరికి పాత్రలు ముందే తెలిసి ఉంటాయి. చలం పేరు చెప్పగానే మైదానం చేతికివ్వడం మన అలవాటు. దాని ధాటి 1927 నుంచి నేటివరకు తగ్గలేదు, కానీ చిన్న పిల్లలున్న తల్లిదండ్రులకు ముందుగా బిడ్డల శిక్షణ ఇచ్చి చూడండి. పిల్లలను కొట్టకూడదని, భయపెట్టకూడదని, పెద్దల అహంకారానికి వారిని బలిచేయకూడదని ఆయన వాదించిన తీరు చదివినవారు, ఈ రచయిత మిగతా విషయాల్లో ఏమన్నాడో తెలుసుకోవాలని తామే వెదుక్కుంటారు. కొడవటిగంటి కుటుంబరావు విషయంలో మనకు ఒక అనుకూలత ఉంది. ఆయన 1952 నుంచి 1980లో మరణించేవరకు చందమామ సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించారు, కాబట్టి ఆ ఏళ్ళలో చందమామ చదివి పెరిగినవారికి ఆ అనవసరమైన మాట ఒక్కటీ లేని వచనం ఎప్పుడో అలవాటైపోయింది. అటువంటివారికి ఆయన నవల చదువు ఇచ్చి, సుందరం అనే పిల్లవాడి అక్షరాభ్యాసంతో మొదలయ్యే కథ అని చెబితే చాలు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తీరిక చదువుకు ఆయనంత తగిన రచయిత తెలుగులో మరొకరు లేరని నా నమ్మకం. పేరు చూసి పండితుడనుకుని జంకేవారు ఉన్నారు. నిజానికి వేదశాస్త్రాలు చదివిన కుటుంబంలో 1891లో పుట్టిన ఈ మనిషి గోదావరి జిల్లాల ఇళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళ నోట, వినిపించే తెలుగును అచ్చులోకి తెచ్చిన తీరు చదివితే పక్కగదిలో మాట్లాడుకుంటున్నట్లే ఉంటుంది. ఆయనకు గడప వడ్లగింజలు అనే పెద్ద కథ. చదరంగంలో దిట్ట అయిన ఒక పేద బ్రాహ్మణ యువకుడు పెద్దాపురం రాజుగారితో ఆడాలని బయలుదేరుతాడు. దివాణంలోకి అడుగుపెట్టడమే ఒక యుద్ధమవుతుంది. చదరంగం తెలియనివారికి కూడా ఆ ఆట ఉత్కంఠ కలిగిస్తుంది, ఎందుకంటే ఎత్తుల వెనుక మనుషుల పట్టుదలలు కనిపిస్తూ ఉంటాయి. ఇంతవరకు చెప్పి ఊరుకోవాలి. పేరులోని వడ్లగింజలు ఏమిటో, ఆట ఎలా ముగిసిందో చెప్పారంటే మీరు ఆ పాఠకుని దగ్గరినుంచి కథలో సగం ఆనందం లాక్కున్నట్లే.

చిన్న నవలతో ఒక రచయితను పరిచయం చేయడానికి డాక్టర్ కేశవరెడ్డి అతడు అడవిని జయించాడు మంచి ఉదాహరణ. పందులు కాచుకునే ఒక ముసలివాడు, అడవిలోకి ఈనడానికి వెళ్ళిన పంది, ఆ రాత్రి. పాత్రలు దాదాపు లేవు, ఉపకథలు లేవు, ఒక్క సాయంత్రంలో చదివి ముగించవచ్చు, ముగించిన తరువాత చాలా రోజులు మనసులోంచి పోదు. నేను పుస్తకాలు చదవలేనని చెప్పుకునే మగవారికి, ముఖ్యంగా పల్లెటూళ్ళో పెరిగి నగరంలో స్థిరపడినవారికి, ఈ పుస్తకం ఇచ్చి చూడండి. ఇదే వరుసలో పెద్దింటి అశోక్ కుమార్ జిగిరి ఉంది. ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం, ఆ జంతువును వదిలించుకోవలసిన పరిస్థితి. తెలంగాణ పల్లె మాటలో నడిచే ఈ చిన్న నవలలో మనిషికి, మృగానికి మధ్య ఉన్న ఆత్మీయత చెప్పే పుటలను నేను తెలుగులో చదివిన అతి మంచి పుటల్లో లెక్కిస్తాను.

మాండలికం సంగతి ఇక్కడే చెప్పాలి. ఒక రచన తమ ఊరి మాటలో ఉందని తెలిస్తే పాఠకుడు ఇబ్బందులన్నీ దాటుకుని చదువుతాడు, తన ఊరిది కానప్పుడు రెండో పుటలోనే అలసిపోతాడు. చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళి హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటున్నవారికి నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పచ్చనాకు సాక్షిగా ఇవ్వండి. వాళ్ళమ్మ మాట అచ్చులో కనిపించినప్పుడు కలిగే సంతోషం మరే పుస్తకమూ కలిగించలేదు. నెల్లూరు ప్రాంతం వారికి మహమ్మద్ ఖదీర్ బాబు దర్గామిట్ట కథలు, విశాఖ వారికి రావిశాస్త్రి ఆరు సారా కథలు, గోదావరి వారికి వంశీ మా పసలపూడి కథలు, తెలంగాణ వారికి దాశరథి రంగాచార్య చిల్లరదేవుళ్ళు సహజమైన ప్రవేశాలు. ఆ ప్రాంతం వారు కానివారికి ఇవే పుస్తకాలు ఇవ్వదలిస్తే, మొదటి రెండు పుటలు మీరే పైకి చదివి వినిపించండి. కంటికి వింతగా కనిపించిన మాట చెవికి తెలిసినదిగానే ఉంటుంది. రావిశాస్త్రి వాక్యాల లయ అయితే పైకి చదివితేనే పూర్తిగా తెలుస్తుంది.

నవ్వుకోవాలనుకునేవారికి సూచించడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే హాస్యం ఒక్కొక్కరికి ఒక్కొక్క చోట తగులుతుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిస్టర్ పార్వతీశం చెప్పేటప్పుడు 1924లో వచ్చిన మొదటి భాగం మాత్రమే చెప్పండి. మొగల్తూరు నుంచి బారిస్టరు చదువుకు ఇంగ్లండు బయలుదేరిన కుర్రవాడి రైలు ప్రయాణం, ఓడ ప్రయాణం అందులో ఉంటాయి. చాలా ఏళ్ళ తరువాత వచ్చిన మిగతా భాగాలు నచ్చినవారు వెదుక్కుని చదువుతారు. ఇంట్లో చిన్న పిల్లలుంటే ముళ్ళపూడి వెంకటరమణ బుడుగును బాపు బొమ్మలున్న ప్రతిలో, పెద్దలు చదువుతుంటే పిల్లలు వినేలా ఏర్పాటు చేయడం ఉత్తమం. సినిమాల మీద మక్కువ ఉండి పుస్తకాల మీద లేనివారికి అదే రచయిత ఆత్మకథ కోతికొమ్మచ్చి, భానుమతి రామకృష్ణ అత్తగారి కథలు తలుపులు తెరుస్తాయి. చరిత్ర, ప్రయాణాలు ఇష్టమైనవారికి తిరుమల రామచంద్ర ఆత్మకథ హంపీ నుంచి హరప్పా దాక చెప్పండి. రచయిత మరణానంతరం దానికి సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది, కానీ పురస్కారం సంగతి కన్నా ఆయన తిరిగిన ఊళ్ళు, కలిసిన మనుషుల సంగతి చెబితేనే వినేవారికి ఆసక్తి పుడుతుంది.

జనరంజక నవలలు చదివేవారితో మాట్లాడేటప్పుడు మన స్వరం జాగ్రత్తగా ఉండాలి. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకట కృష్ణమూర్తి, అపరాధ పరిశోధన నవలల కొమ్మూరి సాంబశివరావు, షాడో నవలల మధుబాబు తెలుగునాట చదివే అలవాటును ఇంటింటికీ తీసుకువెళ్ళారు. వారపత్రిక కోసం గురువారమో శుక్రవారమో ఎదురుచూసిన గృహిణులు, అద్దె పుస్తకాల దుకాణంలో రోజుకొక నవల మార్చుకున్న కుర్రవాళ్ళు ఆ అలవాటుతోనే పాఠకులయ్యారు. "అవి కాదు, అసలైన సాహిత్యం చదవండి" అన్నవారి మాట ఎవరూ వినరు, వినకూడదు కూడా. వారికి ఆ నవలల్లో నచ్చినదేమిటో గుర్తించి, అదే గుణం ఉన్న మరొక పుస్తకాన్ని పక్కన పెట్టాలి. యద్దనపూడి సెక్రటరీలో ఆత్మాభిమానం గల నాయిక నచ్చినవారికి రంగనాయకమ్మ స్వీట్ హోమ్ చేదుగా ఉండదు. ఇంట్లో భార్యాభర్తల మధ్య మాటల్లో సమానత్వం గురించి అంత సరదాగా, అంత గట్టిగా చెప్పిన పుస్తకం అది. అక్కడినుంచి మాలతీ చందూర్ హృదయనేత్రి, ఆపైన సీత వైపు నిలబడి రామాయణంలోని స్త్రీలను చూసిన ఓల్గా విముక్త వరకు ఒక దారి ఉంది. ఈ చివరి రెంటిలో హృదయనేత్రికి 1992లో, విముక్తకు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారాలు వచ్చాయి, అయినా రెండూ అలవాటైన పాఠకురాలు ఒకటి రెండు వారాల్లో హాయిగా చదువుకోగలిగినవే.

పుస్తకం గురించి చెప్పే విద్యలో మనకు మాలతీ చందూరే గురువు. స్వాతి మాసపత్రికలో పాత కెరటాలు శీర్షికతో ఆమె దశాబ్దాలపాటు ప్రపంచ ప్రసిద్ధ నవలలను ఒక్కొక్కటిగా తెలుగు పాఠకులకు పరిచయం చేశారు. ఇంగ్లీషు రాని ఎందరో ఆ పుటల ద్వారానే ఇతర దేశాల కథలు తెలుసుకున్నారు. పాత్రలను మనకు తెలిసినవారిలా చెప్పడం, రచయిత జీవితంలోంచి అవసరమైనంత మాత్రమే తీసుకోవడం, పెద్ద మాటల విమర్శ జోలికి వెళ్ళకపోవడం ఆమెనుంచి నేర్చుకోదగినవి. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. మూలం అందని పాఠకుల కోసం రాస్తూ ఆమె కథ మొత్తం చెప్పేవారు. మనం చెబుతున్నది పుస్తకం చేతికి తీసుకోబోయేవారికి కనుక ఆరంభం దగ్గరే ఆగాలి.

నోటితో చెప్పినా ఉత్తరంలో రాసినా నాలుగైదు వాక్యాలు చాలు. కథ ఎక్కడ, ఎవరితో మొదలవుతుందో ఒక వాక్యం. ఎంత సమయం పడుతుందో ఒక వాక్యం. వారికే ఎందుకు చెబుతున్నారో ఒక వాక్యం. ఈ మూడోదే అన్నిటికన్నా విలువైనది. "మీ నాన్నగారు రైల్వేలో పనిచేశారని చెప్పారు కదా, అందుకని ఈ కథ గుర్తొచ్చింది" అన్న మాటకు ఉన్న బలం ఏ పొగడ్తకూ లేదు. ఆపైన పుస్తకంలో కష్టపెట్టే సంగతులుంటే దాచకూడదు. మొదటి ముప్పై పుటలు నెమ్మదిగా సాగుతాయనుకోండి, ఆ మాట ముందే చెబితే పాఠకుడు ఓపిక పడతాడు. హింస ఉన్నా, బిడ్డ మరణం ఉన్నా, నేటి దృష్టికి నొప్పి కలిగించే కులప్రస్తావనలు గానీ స్త్రీల గురించిన మాటలు గానీ పాత పుస్తకాల్లో ఉన్నా, చెప్పాలి. ఆప్తులను పోగొట్టుకున్న ఇంటికి పుస్తకం పంపేటప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరం. "మీ జీవితమే మారిపోతుంది", "ఇది చదవకపోతే తెలుగువారే కాదు" వంటి మాటలు వద్దు. అవి చదివేవారిమీద పరీక్ష రాస్తున్నంత భారం వేస్తాయి.

ఒకసారికి ఒక్క పుస్తకమే చెప్పండి. పది పేర్లు చెబితే వారు అన్నీ రాసుకుని ఒక్కటీ కొనరు.

చెప్పేముందు ఆ పుస్తకం ఇప్పుడు దొరుకుతుందో లేదో చూడటం కూడా సూచనలో భాగమే. తెలుగు పుస్తకాలు తక్కువ ప్రతులతో అచ్చవుతాయి, అయిపోయాక కొన్ని ఏళ్ళతరబడి మళ్ళీ రావు. విజయవాడలో జనవరి మొదట్లోనూ, హైదరాబాదులో సాధారణంగా డిసెంబరులోనూ జరిగే పుస్తక ప్రదర్శనల్లో ప్రచురణకర్తలందరూ ఒకచోట దొరుకుతారు. ఆబిడ్స్‌లో ఆదివారం రోడ్డు పక్కన పరిచే పాత పుస్తకాల్లో ఓపిక ఉన్నవారికి ఆగిపోయిన ముద్రణలు కనబడతాయి. జిల్లా కేంద్ర గ్రంథాలయాలను, హైదరాబాదులో 1901లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, వేటపాలెంలో 1918 నుంచి నడుస్తున్న సారస్వత నికేతనం వంటి పాత గ్రంథాలయాలను మనం మరచిపోకూడదు. కథలైతే కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో 1997లో స్థాపించిన కథానిలయం పుణ్యమా అని వేలకొద్దీ పాత పత్రికల కథలు ఇంటర్నెట్‌లో ఎక్కడినుంచైనా చదువుకోవచ్చు. విదేశాల్లో ఉన్నవారికి ఇది పెద్ద వరం. లిపి చదవలేని పిల్లలకు, కళ్ళు మసకబారిన పెద్దలకు ఆడియో పుస్తకాలు, అంతకన్నా ముందు మీ గొంతు.

మీ సొంత ప్రతి ఇస్తే లోపల పేరు, తేదీ రాసి ఇవ్వండి, ఆపైన వారం వారం "చదివారా?" అని అడగకండి. చదవడం ఆపేశారని తెలిస్తే నొచ్చుకోకుండా ఎక్కడ ఆగారో తెలుసుకోండి. ఆ పుట సంఖ్య చాలా చెబుతుంది. మొదటి పుటల్లోనే ఆగితే భాష అడ్డుపడింది, ఈసారి సంభాషణలున్న పుస్తకం ఇవ్వాలి. మధ్యలో ఆగితే నిడివి ఎక్కువైంది, కథల సంపుటి ఇవ్వాలి. చివరికి దగ్గరగా ఆగితే బహుశా విషాదాన్ని తట్టుకోలేకపోయారు. అప్పుడు హాస్యం వైపు తిప్పాలి. వారు మీకు ఏదైనా సూచిస్తే తప్పక చదవండి, చదివి మీ మాట నిజాయతీగా చెప్పండి. సూచనలు ఒకవైపునుంచే వస్తుంటే అది పాఠం చెప్పినట్లవుతుంది, ఇద్దరు పాఠకుల స్నేహం కాదు.

నలుగురైదుగురు కలిసి చదువుకోవాలనుకుంటే నవలతో కాక, ఒక కూర్చోవడంలో పైకి చదివి ముగించగల కథతో మొదలుపెట్టడం మంచిది. పాలగుమ్మి పద్మరాజు గాలివాన ఇందుకు నాకు తెలిసిన అతి మంచి ఎంపిక. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన ఈ కథలో, నియమాల ప్రకారం బతికే ఒక పెద్దమనిషి, రైలులో అడుక్కునే ఒక స్త్రీ తుపాను రాత్రి ఒకే చోట చిక్కుకుంటారు. చదవడం అయ్యాక ఆ ఇద్దరిలో ఎవరిది పైచేయి అన్న చర్చ దానంతటదే మొదలవుతుంది, ఏ ప్రశ్నలూ తయారుచేసుకోనక్కరలేదు.

గడప దాటినవారికి రెండో పుస్తకం వెంటనే చెప్పకుండా, వారే "ఈయనవి ఇంకేమున్నాయి?" అని అడిగేవరకు ఆగండి. అడిగినరోజున, ఏకవీర నచ్చినవారికి చెలియలికట్ట, చదువు నచ్చినవారికి కుటుంబరావు కథల సంపుటాలు, కేశవరెడ్డి నచ్చినవారికి మునెమ్మ, శ్రీపాద కథలు నచ్చినవారికి ఆయన ఆత్మకథ అనుభవాలూ జ్ఞాపకాలూనూ సిద్ధంగా ఉంచుకోండి.